‘డేస్ ఆఫ్ థండర్’ వీడియో గేమ్: స్టాక్ కారు పందెం, సినిమా, ఆట – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1990లో విడుదలైన ‘డేస్ ఆఫ్ థండర్’ అనే హాలీవుడ్ చిత్రం ఆధారంగా అదే ఏడాది ఒక కారు పందెపు వీడియో గేమ్ వచ్చింది. అదే చిత్రం మీద, అదే యంత్రం కోసం మరొక ప్రోగ్రామర్ రాసిన వేరొక ఆట మాత్రం బజారుకు రాకుండా ఫ్లాపీ డిస్కుల్లో మిగిలిపోయి, ముప్పై ఏళ్ల తరువాత 2020లో వెలుగు చూసింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పుట్టిన స్టాక్ కారు పందెం సినిమాగా, సినిమా ఆటగా మారిన క్రమంలో ఏ అంశాలు నిలిచాయి, ఏవి జారిపోయాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వెలువడని ప్రతి దొరికిన తీరును బట్టి, డిజిటల్ రచనలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించడంలో ఎదురయ్యే సమస్యలను చర్చిస్తుంది.

కీలకపదాలు: స్టాక్ కారు పందెం, నాస్కార్, సినిమా ఆధారిత ఆటలు, మూలసంకేతం, పాఠపునర్నిర్మాణం, డిజిటల్ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

చరిత్ర రచనకు ఆధారాలను శాసనాలు, వ్రాతప్రతులు, ప్రభుత్వ పత్రాలు, పత్రికలు, మౌఖిక కథనాలు అని వర్గీకరించడం అలవాటు. ఇరవయ్యో శతాబ్దంలో ఛాయాచిత్రం, గ్రామఫోను రికార్డు, చలనచిత్రం ఈ జాబితాలో చేరాయి. వీడియో గేమ్ మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పిల్లల కాలక్షేపం, వ్యాపార వస్తువు, సినిమాకు తోకగా వచ్చిన సరుకు అన్న భావన అందుకు కారణం. సినిమా ఆధారిత ఆటల మీద ఈ చిన్నచూపు మరీ ఎక్కువ. 1982లో అటారీ సంస్థ ‘ఇ.టి.’ చిత్రం ఆధారంగా సుమారు ఐదు వారాల్లో తయారు చేయించిన ఆట వాణిజ్యపరంగా ఘోరంగా విఫలమైంది. మిగిలిపోయిన కార్ట్రిడ్జులను న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆలమొగోర్డో చెత్తగుంటలో పూడ్చిపెట్టారు. 2014లో అక్కడ తవ్వి వాటిని బయటికి తీశారు. పనికిరాదని పూడ్చిన వస్తువు సుమారు మూడు దశాబ్దాలకు తవ్వకాల్లో దొరికిన పురావస్తువుగా మారింది.

విలువ లేదనుకున్న వస్తువు ఆధారంగా మారే ఈ ప్రక్రియకు ‘డేస్ ఆఫ్ థండర్’ మరింత లోతైన ఉదాహరణ. ఇక్కడ దొరికినది అమ్ముడుపోని సరుకు కాదు, అసలు సరుకుగా మారని ఒక రచన. దాని ప్రాధాన్యం తెలియాలంటే ముందుగా ఆ ఆటకు మూలమైన పందెం చరిత్రను, తరువాత దానికి తెర రూపమిచ్చిన చిత్రాన్ని పరిశీలించాలి.

2. స్టాక్ కారు పందెం – పుట్టుపూర్వోత్తరాలు

‘స్టాక్ కారు’ అంటే దుకాణంలో అమ్మకానికి నిల్వ ఉన్న మామూలు కారు. పందెం కోసమే ప్రత్యేకంగా నిర్మించిన వాహనం కాక, జనం రోజూ నడిపే కారునే పందెంలోకి దింపడం ఈ క్రీడ మూలసూత్రం. దీని వేళ్లు అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండప్రాంతాల్లో ఉన్నాయి. 1920 నుంచి 1933 వరకు సాగిన మద్యనిషేధ కాలంలోనూ, ఆ తరువాత పన్ను ఎగవేత కోసమూ, దొంగసారాను రాత్రివేళల్లో తరలించేవారు తమ కార్లకు రహస్యంగా మార్పులు చేసేవారు. పైకి మామూలు కారులా కనబడాలి, పోలీసు కారు కంటే వేగంగా పోవాలి, సారా బరువుకు వెనుక భాగం కుంగకూడదు. ఈ మూడు అవసరాల నుంచి ఒక యాంత్రిక విద్య పుట్టింది. తరలింపుదారులు ఆటవిడుపుగా మట్టిబాటల మీద పోటీపడటం క్రమంగా జనాకర్షక క్రీడ అయింది.

ఈ చెదురుమదురు పందేలను ఒక వ్యవస్థగా మార్చినవాడు బిల్ ఫ్రాన్స్. 1947 డిసెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో స్ట్రీమ్‌లైన్ హోటల్లో ఆయన ఏర్పాటు చేసిన సమావేశ ఫలితంగా 1948 ఫిబ్రవరిలో నాస్కార్ సంస్థ అధికారికంగా ఏర్పడింది. 1949 జూన్ 19న షార్లట్‌లో ఆ సంస్థ మొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ పందెం జరిగింది. ముందుగా గీత దాటినవాడు గ్లెన్ డనవే. అయితే పరీక్షలో అతని కారు వెనుక స్ప్రింగులకు నిబంధనలకు విరుద్ధమైన మార్పు చేసినట్లు తేలింది. అది సారా తరలింపుదారులు చేసే మార్పు. నిర్వాహకులు అతణ్ణి అనర్హుడిగా ప్రకటించి, రెండో స్థానంలో ఉన్న జిమ్ రోపర్‌ను విజేతగా నిర్ణయించారు. క్రీడ తన పుట్టుకకు కారణమైన చాటుమాటు విద్యను మొదటి రోజే నిషేధించవలసి వచ్చింది. నియమానికీ నేర్పుకూ మధ్య ఈ పెనుగులాట స్టాక్ కారు పందెం చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

1959లో డేటోనా ఇంటర్నేషనల్ స్పీడ్‌వే ప్రారంభమైంది. రెండున్నర మైళ్ల చుట్టు, 31 డిగ్రీల వాలు ఉన్న మలుపులు గల ఈ బాట వేగాన్ని కొత్త స్థాయికి తీసుకుపోయింది. మరుసటి ఏడాది, 1960 డేటోనా 500 పందెంలో జూనియర్ జాన్సన్ తన కారు ఇతరుల కార్ల కంటే నిదానమైనదే అయినా గెలిచాడు. ముందున్న కారు గాలిని చీల్చుకుపోగా దాని వెనుక ఏర్పడే పలుచని గాలిసందులో దూరి నడిపితే తక్కువ శక్తితో ఎక్కువ వేగం వస్తుందని ఆయన గ్రహించాడు. తరువాత ‘డ్రాఫ్టింగ్’గా పేరుపొందిన ఈ నేర్పు స్టాక్ కారు పందేన్ని ఒంటరి పరుగు నుంచి గుంపు వ్యూహంగా మార్చింది. ఇదే జాన్సన్ 1956లో తండ్రి సారాబట్టీ దగ్గర పట్టుబడి జైలుకు వెళ్లినవాడు కావడం ఈ క్రీడ సామాజిక మూలాలను గుర్తు చేస్తుంది.

పందెంలో మరొక సామూహిక అంశం ‘పిట్ స్టాప్’. మధ్యలో కారును ఆపి చక్రాలు మార్చి, ఇంధనం నింపి మళ్లీ బాట మీదికి పంపే పని ఇది. 1960ల్లో వర్జీనియాకు చెందిన వుడ్ సోదరులు ఎవరు ఏ చక్రం దగ్గరికి ఏ దారిన వెళ్లాలో ముందే నిర్ణయించి, సాధన చేసి, ఈ పనిని ఒక కళగా మలిచారు. 1965లో ఇండియానాపొలిస్ 500 పందెంలో జిమ్ క్లార్క్ విజయానికి పిట్‌లో పనిచేసింది ఈ సోదరుల బృందమే. చక్రం పట్టినవాడి పేరే చరిత్రలో నిలుస్తుంది. కాని గెలుపు చాలాసార్లు ఆగిన ఆ కొద్ది క్షణాల్లోనే నిర్ణయమవుతుంది.

1971 నుంచి సిగరెట్ల తయారీ సంస్థ ఆర్.జె. రేనాల్డ్స్ ‘విన్‌స్టన్ కప్’ పేరుతో ప్రధాన పోటీలకు పోషకత్వం వహించింది. 1979లో సీబీఎస్ టెలివిజన్ డేటోనా 500ను మొదటినుంచి చివరివరకు ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ఆఖరి చుట్టులో ముందున్న కేల్ యార్బరో, డానీ ఆలిసన్ ఢీకొని బాట తప్పారు. రిచర్డ్ పెటీ గెలిచాడు. పందెం ముగిశాక బాట పక్కన జరిగిన కొట్లాటను దేశమంతా చూసింది. ప్రాంతీయ క్రీడ జాతీయ దృశ్యంగా మారడంలో ఆ ప్రసారం ఒక మైలురాయి. పదకొండేళ్ల తరువాత హాలీవుడ్ ఈ కథావస్తువును చేపట్టడానికి నేపథ్యం ఇదే.

3. చిత్రం: వాస్తవానికి తెర రూపం

‘డేస్ ఆఫ్ థండర్’ 1990 జూన్ 27న పారమౌంట్ సంస్థ ద్వారా విడుదలైంది. దర్శకుడు టోనీ స్కాట్, నిర్మాతలు డాన్ సింప్సన్, జెర్రీ బ్రక్‌హైమర్. నాయకుడు టామ్ క్రూజ్. 1986లో ‘టాప్ గన్’ తీసినది ఈ నలుగురే. కథను రాబర్ట్ టౌన్, టామ్ క్రూజ్ కలిసి అల్లగా, చిత్రానువాదం టౌన్ రాశాడు. సంగీతం హాన్స్ జిమ్మర్ సమకూర్చాడు.

చిత్రంలోని పాత్రలు కల్పితాలే అయినా వాటి వెనుక నిజమైన మనుషుల నీడలు ఉన్నాయి. నాయకుడు కోల్ ట్రికిల్‌కు ఇంటిపేరు పందెగాడు డిక్ ట్రికిల్ నుంచి వచ్చినా, స్వభావం ఎక్కువగా టిమ్ రిచ్‌మండ్‌ను పోలినది. వృద్ధ మెకానిక్ హ్యారీ హాగ్ పాత్రకు హ్యారీ హైడ్, జట్టు యజమాని టిమ్ డేలండ్ పాత్రకు రిక్ హెండ్రిక్, ప్రత్యర్థి రౌడీ బర్న్స్ పాత్రకు డేల్ అర్న్‌హార్ట్ ఆధారం. 1986లో హెండ్రిక్ జట్టులో హైడ్ పర్యవేక్షణలో రిచ్‌మండ్ ఏడు పందేలు గెలిచాడు. 1989 ఆగస్టులో ఎయిడ్స్‌తో మరణించాడు. అతని నీడతో రూపొందిన చిత్రం మరుసటి ఏడాదే వచ్చింది. తెర మీది నాయకుడు గాయాల నుంచి కోలుకుని డేటోనాలో గెలుస్తాడు. నిజ జీవితంలోని రిచ్‌మండ్‌కు ఆ ముగింపు దక్కలేదు. జనాదరణ పొందిన కథనం చరిత్రను ఎక్కడ మలుపు తిప్పుతుందో ఈ ఒక్క తేడా చెబుతుంది.

చిత్రం కోసం హెండ్రిక్ జట్టే కార్లను సమకూర్చింది. అసలు పందేల మధ్య దృశ్యాలు తీయడానికి చిత్రబృందపు కార్లు నిజమైన పోటీల్లోనే పాల్గొన్నాయి. 1989లో ఫీనిక్స్‌లో బాబీ హామిల్టన్ అలాంటి కారునే నడిపాడు. ప్రవాహం రెండు వైపులా సాగింది. చిత్రంలో నాయకుడి కారు మీద కనిపించిన ‘మెలో యెలో’ అనే శీతల పానీయం పేరు, 1991 నుంచి కైల్ పెటీ నడిపిన నిజమైన పందెపు కారు మీదికి ఎక్కింది. కల్పన వాస్తవాన్ని అనుకరించింది, ఆపై వాస్తవం కల్పనను అనుకరించింది.

చిత్రంలో పందెం స్వభావాన్ని చక్కగా పట్టుకున్న ఘట్టం ఒకటుంది. నాయకుడికి వేగం తెలుసు గాని కారు భాష తెలియదు. తనకు కారులో ఏ తేడా తోస్తున్నదో మెకానిక్‌కు చెప్పలేడు. అప్పుడు హ్యారీ హాగ్ ఒక పరీక్ష పెడతాడు. యాభై చుట్లు నీకు తోచినట్లు నడుపు, మరో యాభై నేను చెప్పినట్లు నడుపు అంటాడు. రెండో విడతలో టైర్లు కరిగిపోకుండా మిగలడమే కాక వేగమూ పెరుగుతుంది. దూకుడు కంటే పొదుపు వేగవంతమైనదన్న పాఠం ఇది. ఈ పాఠం ఆటలోకి ఎంతవరకు వచ్చిందన్నదే తరువాతి ప్రశ్న.

4. ఆట: యంత్రపు హద్దులు, కథ కుదింపు

చిత్రం విడుదలైన 1990లోనే ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన మైండ్‌స్కేప్ సంస్థ ఈ ఆటను ప్రచురించింది. నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ కోసం వచ్చిన రూపాన్ని తయారు చేసినది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన బీమ్ సాఫ్ట్‌వేర్. గృహ కంప్యూటర్లకు వేరే రూపాలు వచ్చాయి. 1992లో గేమ్ బాయ్ రూపం వెలువడింది. ఒకే పేరు కింద వేర్వేరు యంత్రాలకు వేర్వేరు ఆటలు రావడం ఆనాటి వాడుక. అందువల్ల ‘డేస్ ఆఫ్ థండర్ ఆట’ అన్నప్పుడు ఏ ప్రతిని గురించి మాట్లాడుతున్నామో చెప్పడం పరిశోధకుడి మొదటి బాధ్యత.

నింటెండో యంత్రపు శక్తి ఎంతో తెలిస్తేగాని ఆ ఆటను న్యాయంగా అంచనా వేయలేం. దాని ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్. పనిచేసే జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. తెర 256 అడ్డు, 240 నిలువు బిందువులు. కదిలే చిన్న బొమ్మలు ఒకేసారి 64కు మించరాదు. ఒకే అడ్డగీత మీద ఎనిమిదికి మించి రాలేవు, మించితే మిగిలినవి కనబడవు. ఒక కారు బొమ్మను గీయడానికే ఇలాంటి ముక్కలు కొన్ని కలపాలి. డేటోనా బాట మీద నలభైకి పైగా కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. ఈ యంత్రం మీద మాత్రం ఒక్కసారిగా కనబడగలిగేవి కొద్ది కార్లే. మలుపు తిరిగే బాటను చూపడం కూడా కనికట్టే. తెరను గీత గీతకూ కొంచెం కొంచెంగా పక్కకు జరిపి, చదునైన బొమ్మకు వంపు భ్రమ కల్పించాలి.

అందుచేత పందెంలోని గుంపు వ్యూహం ఆటలో పలుచబడటం రూపకర్త అశ్రద్ధ వల్ల జరిగినది మాత్రమే కాదు. ఆ లోపానికి కారణం యంత్రంలోనే ఉంది. అదే యంత్రంలో నిలిచిన అంశం మరొకటి ఉంది. అది పిట్ స్టాప్. నింటెండో రూపంలో కారు పిట్‌లోకి వచ్చినప్పుడు ఆటగాడు డ్రైవరు కాడు. పనివారిని ఒక్కొక్కరినీ తానే నడిపించి చక్రాలు మార్పించాలి, ఇంధనం నింపించాలి. గడియారం పరుగెడుతూనే ఉంటుంది. వేగంగా నడిపే నాయకుడిని కొలిచే ఆటలో, పేరు తెలియని పనివారి శ్రమ ఆటగాడి చేతికి వచ్చిన చోటు ఇది. చలనం లేని తెర, కొద్దిమంది మనుషులు, పరిమితమైన కదలికలు. ఈ దృశ్యం ఆ యంత్రానికి సరిగ్గా తగినది. బాట మీది గుంపును చూపలేని యంత్రం, గోడ వెనుక జట్టును చూపగలిగింది.

చిత్రంలోని వైద్యురాలితో నాయకుడి అనుబంధం, ప్రమాదానంతర భయం, ప్రత్యర్థితో శత్రుత్వం స్నేహంగా మారడం అనే మూడు భావోద్వేగ ధారలు ఆటకు ప్రధానం కాలేదు. సినిమాకు కథ ప్రాణం కాగా ఆటకు పునరావృత్తి ప్రాణం. ఒకే చుట్టును వందసార్లు తిరిగి, ఓడి, మళ్లీ మొదలుపెట్టడంలోనే ఆటగాడు నేర్చుకుంటాడు. హ్యారీ హాగ్ పెట్టిన యాభై చుట్ల పరీక్షకు సహజమైన మాధ్యమం నిజానికి సినిమా కంటే ఆటే. చిత్రంలో ఆ ఘట్టం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఆటలో టైర్లను కాపాడుకోవాలన్న జ్ఞానం ఆటగాడి వేళ్లకు రావాలంటే ఆ చుట్లన్నీ తిరగవలసిందే.

ఈ ఆటను దాని సమకాలీనాల పక్కన ఉంచి చూడటం అవసరం. 1989లో పాపిరస్ సంస్థ ‘ఇండియానాపొలిస్ 500’తో, కొద్దికాలానికే కొనామీ సంస్థ బిల్ ఎలియట్ పేరు మీది నాస్కార్ ఆటతో వచ్చాయి. సినిమా పేరు మీద ఆధారపడే ఆట నుంచి, నిజమైన పందెగాడి పేరు మీద, ఆపై నిజమైన కారు భౌతిక ధర్మాల మీద ఆధారపడే ఆటకు జరిగిన మార్పులో ‘డేస్ ఆఫ్ థండర్’ ఒక సంధిస్థానంలో ఉంది. 1994లో పాపిరస్ తెచ్చిన ‘నాస్కార్ రేసింగ్’తో ఆ మార్పు స్థిరపడింది.

5. వెలువడని ప్రతి

క్రిస్ ఒబర్త్ అమెరికాలో తొలితరం గేమ్ ప్రోగ్రామర్లలో ఒకడు. 1982 నాటి ‘యాంట్‌ఈటర్’ అనే ఆర్కేడ్ ఆట ఆయనకు పేరు తెచ్చింది. ఆయన 2012లో మరణించాడు. ఇంట్లో మిగిలిన డిస్కులు, ఇతర సామగ్రి కుటుంబం ద్వారా వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకు చేరాయి. వాటిని పరిశీలించినప్పుడు ‘డేస్ ఆఫ్ థండర్’ ఆధారంగా నింటెండో యంత్రం కోసం ఒబర్త్ రాసిన, ఎన్నడూ విడుదల కాని ఆట మూలసంకేతం బయటపడింది. అది బీమ్ సాఫ్ట్‌వేర్ ఆటకు ముసాయిదా కాదు, పూర్తిగా వేరే రచన.

దొరికినది ఆడటానికి సిద్ధంగా ఉన్న ఆట కాదు. ఫ్లాపీ డిస్కు అంటే ప్లాస్టిక్ పొర మీద పూసిన అయస్కాంత పదార్థం. కాలం గడిచేకొద్దీ ఆ పూత రాలుతుంది, అయస్కాంత గుర్తులు మసకబారుతాయి. ముందు డిస్కులను చదివి నకళ్లు తీయాలి. ఆ తరువాత అనేక దస్త్రాల్లో చెదిరి ఉన్న సంకేతంలో ఏది పాతది, ఏది కొత్తది, ఏది దేనితో కలిసి పనిచేస్తుందో తేల్చాలి. ఆనాటి అసెంబ్లర్ పరికరాల తీరును అర్థం చేసుకుని, ముక్కలను కూర్చి, యంత్రం అమలుచేయగల ప్రోగ్రామ్‌గా మార్చాలి. ఈ పనిని రిచ్ వైట్‌హౌస్ అనే ప్రోగ్రామర్ చేశాడు. 2020లో కుటుంబం అనుమతితో ఫౌండేషన్ దాన్ని ప్రకటించి, మూలసంకేతాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది.

సాహిత్య పరిశోధకులకు ఈ ప్రక్రియ కొత్తగా అనిపించదు. వ్రాతప్రతుల్లో పాఠాంతరాలను సరిచూచి, లేఖక దోషాలను వేరుచేసి, శిథిల భాగాలను పూరించి ఒక పరిష్కృత పాఠాన్ని సిద్ధం చేయడంతో దీనికి చాలా పోలిక ఉంది. ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. కావ్యంలో ఒక అక్షరం లోపిస్తే పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించి చదువుకోగలడు. మూలసంకేతంలో ఒక్క గుర్తు లోపిస్తే యంత్రం మొత్తాన్నీ నిరాకరించవచ్చు. ప్రోగ్రామ్ నడవడం పరిష్కర్తకు ఒక పరీక్ష. అయితే నడిచినంత మాత్రాన అది రచయిత ఉద్దేశించిన పాఠమేనని నిరూపణ కాదు. అందుకే పునర్నిర్మించిన ప్రతితో పాటు దొరికిన దస్త్రాలనూ, చేసిన మార్పులనూ బయట పెట్టడం అవసరం. మూలసంకేతాన్ని బహిరంగపరచడంలోని విలువ అదే. పరిష్కర్త చేసిన నిర్ణయాలను ఇతరులు సరిచూడగలరు.

మూలసంకేతానికి కార్ట్రిడ్జ్ ఇవ్వలేని సాక్ష్యం ఇచ్చే శక్తి ఉంది. కార్ట్రిడ్జులో ఉండేది యంత్రం మాత్రమే చదివే అంకెల వరుస. మూలసంకేతంలో ప్రోగ్రామర్ పెట్టుకున్న పేర్లు, విభజించుకున్న భాగాలు, దస్త్రాలను దాచుకున్న పద్ధతి ఉంటాయి. అది పనివాడి ఆలోచనకు దగ్గరి దారి. వెలువడిన ఆట బజారు చరిత్రకు ఆధారమైతే, వెలువడని ఆట శ్రమ చరిత్రకు ఆధారం. పిట్‌లో పనిచేసినవారి వలె తెర వెనుక ఉండిపోయిన ఒక మనిషి పని దీనివల్ల లెక్కలోకి వచ్చింది.

6. పరిరక్షణ సమస్య

ఒబర్త్ డిస్కులు కుటుంబం దాచినందువల్ల దక్కాయి. ఒక వ్యవస్థ బాధ్యతగా దాచినందువల్ల కాదు. ఇక్కడే అసలు సమస్య ఉంది. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి వెలువరించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ప్రస్తుతం అమ్మకంలో లేవు. అంటే వాటిని చట్టబద్ధంగా కొని పరిశీలించే దారి పరిశోధకుడికి సులభంగా లేదు. గ్రంథాలయాలు, ఆర్కైవులు తమ వద్ద ఉన్న పాత ఆటలను దూరప్రాంత పరిశోధకులకు ఆన్‌లైన్‌లో చూపేందుకు మినహాయింపు ఇవ్వాలన్న అభ్యర్థనను 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది. పరిశోధన పేరుతో వినోదం కోసం వాడుకుంటారని, దానివల్ల మార్కెట్‌కు నష్టమని ఆట పరిశ్రమ వాదించింది. హక్కుదారుల ఆందోళనను పూర్తిగా కొట్టివేయలేం. పాత ఆటలను మళ్లీ అమ్మే వ్యాపారం ఉన్న మాట నిజమే. కాని అమ్మకానికే లేని పెద్ద భాగానికి ఆ వాదం ఎలా వర్తిస్తుందన్న ప్రశ్న మిగులుతుంది.

సినిమా ఆధారిత ఆటల విషయంలో చిక్కు రెండింతలు. చిత్రం పేరు మీద హక్కు ఒకరిది, ఆట సంకేతం మీద హక్కు మరొకరిది, ప్రచురణ హక్కు ఇంకొకరిది. ఒప్పంద కాలం ముగిశాక ఆటను తిరిగి విడుదల చేయాలంటే అందరూ మళ్లీ ఒక చోట చేరాలి. లాభం చాలని చోట ఎవరూ చేరరు.

2011లో ఇదే చిత్రం పేరుతో గేమ్ కన్సోళ్ల కోసం కొత్త ఆట వచ్చింది. దాన్ని కార్ట్రిడ్జుగా గాని డిస్కుగా గాని కాక, డౌన్‌లోడ్ రూపంలో అమ్మారు. ఈ పద్ధతిలో సరుకు దుకాణం మీదే ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ దుకాణం 2024 జులైలో మూతపడింది. అలా మూసివేసిన దుకాణాల్లో మాత్రమే దొరికిన ఆటలను కొత్త పరిశోధకుడు కొనలేడు. 1990 నాటి కార్ట్రిడ్జ్ పాతవస్తువుల అంగడిలో ఈనాటికీ దొరుకుతుంది, ఇరవై ఏళ్ల తరువాతి రూపం దొరకడమే కష్టం. కొత్తది సురక్షితమనీ పాతది నశిస్తుందనీ అనుకునే సామాన్య భావనకు ఇది విరుద్ధం.

7. ఆట నుంచి బాటకు

ఒబర్త్ రచన వెలుగు చూసిన 2020లోనే మరొక పరిణామం జరిగింది. కోవిడ్ వల్ల పందేలు ఆగిపోగా, మార్చి నుంచి నాస్కార్ పందెగాళ్లు ‘ఐరేసింగ్’ అనే కంప్యూటర్ ఆటలో పోటీపడ్డారు. ఆ పోటీలను ఫాక్స్ టెలివిజన్ ప్రసారం చేసింది. మార్చి 22న జరిగిన మొదటి పోటీలో డెనీ హామ్లిన్ గెలిచాడు. ఐరేసింగ్ స్థాపకుల్లో ఒకడైన డేవిడ్ కేమర్ పాపిరస్ సంస్థ స్థాపకుల్లోనూ ఒకడు. ఆట పందేన్ని అనుకరించిన దశ దాటి, కొంతకాలం పందెం స్థానాన్నే ఆక్రమించింది.

అంతకంటే విశేషమైన ఉదాహరణ విలియం బైరన్. పందెపు కుటుంబం నుంచి కాక ఐరేసింగ్ ద్వారా నడపడం నేర్చుకున్న ఈ యువకుడు 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా డేటోనా 500 గెలిచాడు. అతను నడిపేది హెండ్రిక్ జట్టు కారు. ‘డేస్ ఆఫ్ థండర్’ చిత్రానికి కార్లు ఇచ్చినది, జట్టు యజమాని పాత్రకు ఆధారమైనది ఆ హెండ్రిక్ జట్టే. పందెం నుంచి సినిమాకు, సినిమా నుంచి ఆటకు వచ్చిన ప్రవాహం ఇక్కడ ఆట నుంచి మళ్లీ పందెంలోకి చేరింది. ఈ వలయంలో ఆట కేవలం ప్రతిబింబం అని ఇక చెప్పలేం. అది శిక్షణ, అది ప్రవేశద్వారం, అది చరిత్రలో ఒక కారకం.

8. ముగింపు

• సారా తరలింపు నుంచి పుట్టిన స్టాక్ కారు పందెం నియమానికీ నేర్పుకూ మధ్య సంఘర్షణగా పెరిగింది. ‘డేస్ ఆఫ్ థండర్’ చిత్రం నిజమైన వ్యక్తుల నీడలతో దాన్ని నాయకుడి కథగా మార్చింది.

• 1990 నాటి నింటెండో ఆట చిత్రంలోని భావోద్వేగాన్ని వదిలి పునరావృత్తిని, పిట్ శ్రమను నిలుపుకుంది. ఈ ఎంపికలో యంత్రపు హద్దులకు పెద్ద పాత్ర ఉంది. సినిమా ఆధారిత ఆటను విలువ కట్టేటప్పుడు చిత్రంతో పాటు యంత్రాన్నీ కొలమానంగా తీసుకోవాలి.

• క్రిస్ ఒబర్త్ వెలువడని ప్రతి, ఒకే కథావస్తువుకు ఒకే యంత్రం మీద రెండు వేర్వేరు రచనలు సాధ్యమని చూపింది. మూలసంకేతం పనివాడి ఆలోచనకు సాక్ష్యంగా నిలిచే ప్రాథమిక ఆధారం. దాని పునర్నిర్మాణానికి పాఠపరిష్కరణ శాస్త్రంలోని సూత్రాలు వర్తిస్తాయి.

• డిజిటల్ రచనలు ఇప్పటికీ ఎక్కువగా వ్యక్తుల శ్రద్ధ వల్లనే దక్కుతున్నాయి. అమ్మకంలో లేని ఆటలను పరిశోధకులకు అందించే చట్టపరమైన మార్గం ఏర్పడకపోతే, ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల జనసంస్కృతిని రాయబోయే చరిత్రకారుడికి ప్రకటనలు, సమీక్షలు మిగులుతాయి గాని రచనలు మిగలవు.

వ్రాతప్రతి చెదపట్టినప్పుడు కనీసం చెద కంటికి కనబడుతుంది. ఫ్లాపీ డిస్కు మీద అయస్కాంత గుర్తు చెరిగిపోవడం బయటికి తెలియదు. అటక మీది పెట్టెలో అది చూడటానికి మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అందుచేత వీటిని సేకరించి నకలు తీసే పని, వీటి విలువ ఎంతో తేలేవరకు వేచి ఉండరాదు. విలువ నిర్ణయించవలసినది తరువాతి తరం చరిత్రకారులు. నిర్ణయించడానికి వారికి ఏదైనా మిగిల్చడం ఈ తరం పని.